పాత టర్బో కారులో ఏఎఫ్‌ఆర్ ఎంత ఉండాలి? మ్యాప్ ముట్టుకునే ముందు పెట్రోలు ప్రెషర్ కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. పాతికేళ్ళు దాటిన రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. కంపెనీ పెట్టిన 0.5 బార్ బూస్ట్‌ని (టర్బో లోపలికి తోసే గాలి ప్రెషర్‌ని) మీరు 0.8కి పెంచారు. ఏఎఫ్‌ఆర్‌ని, అంటే గాలి, పెట్రోలు నిష్పత్తిని చూపించే వైడ్‌బ్యాండ్ గేజ్ బిగించారు. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 3500 ఆర్‌పీఎం దగ్గర 11.8 చూపిస్తోంది, 5000 దాటాక మెల్లగా 13.2కి ఎక్కుతోంది. అసలు ఎంత ఉండాలి, పెద్ద ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) వేయాలా, మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ఇంజన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, చెప్పే పట్టిక) మారిస్తే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఫుల్ బూస్ట్‌లో 11.5 దగ్గర పెట్టుకోండి. ల్యాంబ్డా లెక్కలో (14.7ని 1 అనుకునే కొలతలో) అది 0.78. 11.2 నుంచి 11.8 మధ్య ఎక్కడున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ మీ కారుకి ఇప్పుడే ఇంజెక్టర్లూ వద్దు, మ్యాపూ వద్దు. ముందు బూస్ట్‌లో ఉన్నప్పుడు పెట్రోలు ప్రెషర్ ఎంత ఉంటోందో కొలవండి. కింది ఆర్‌పీఎంలో బాగానే ఉండి పైకి వెళ్ళేకొద్దీ లీన్ అయ్యే (గాలికి తగినంత పెట్రోలు అందని) బళ్ళలో, నేను చూసినంతవరకు, ఎక్కువసార్లు తప్పు మ్యాప్‌ది కాదు. ఇంజన్ అడిగినంత పెట్రోలు అక్కడికి చేరడం లేదు. కారణం తేలేదాకా బూస్ట్ మళ్ళీ 0.5కి దించేయండి. 0.8 బార్ మీద 13.2తో ఇంకొక్కసారి కూడా లాగవద్దు. ఈ ఒక్క మాట మాత్రం దయచేసి వినండి.

ఇక 11.5 ఎందుకో చెప్తాను. బరువు లెక్కన 14.7 భాగాల గాలికి ఒక భాగం పెట్రోలు ఉంటే రెండూ పూర్తిగా కాలిపోతాయి, దాన్నే ల్యాంబ్డా 1 అంటాం. నిలకడగా, తేలిగ్గా నడుపుతున్నప్పుడు అది చక్కటి అంకె. ఫుల్ లోడు మీద మాత్రం కుదరదు. 6000 ఆర్‌పీఎంలో మంట మండడానికి దొరికేది రెండు మూడు మిల్లీసెకన్లే. అంత తక్కువ సమయంలో ఆక్సిజన్ అంతా పెట్రోలుతో సరిగ్గా కలవదు. కొంచెం ఎక్కువ పెట్రోలు పోస్తే ఆక్సిజన్ మిగిలిపోకుండా వాడుకోగలం. అందుకే టర్బో లేని ఇంజన్లలో కూడా గరిష్ఠ పవర్ 12.6–13.2 మధ్యే వస్తుంది.

టర్బో ఇంజన్‌లో ఇంకా రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) వెళ్ళేది వేడి తగ్గించడం కోసం. పెట్రోలు ఆవిరి అవుతూ తన చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. సిలిండర్‌లోని గాలి చల్లబడుతుంది, నాక్ (మంట చేరకముందే మిశ్రమం తనంతట తానే పేలడం) ఆలస్యమవుతుంది, టర్బోకి వెళ్ళే పొగ ఉష్ణోగ్రత తగ్గుతుంది. 12.5 నుంచి 11.5కి దిగితే పోయే పవర్ చాలా కొంచెం, దొరికే భద్రత చాలా ఎక్కువ. మీ ఇంజన్ వయసు, లోపల పేరుకున్న కార్బన్, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే పాత ఇంటర్‌కూలర్, ఇవన్నీ కలిపి చూస్తే ఆ భద్రత మీకు అవసరం.

అయితే రిచ్ ఎంతైతే అంత సేఫ్ అనుకోకండి. 10.5 కిందికి వెళ్తే మంట నెమ్మదిస్తుంది, మిస్సింగ్ (మంట అంటుకోకపోవడం) మొదలవుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. అన్నిటికంటే చెడ్డది, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే రింగులూ బేరింగులూ అప్పటికే అరుగుతున్నాయని అర్థం.

లీన్ ఎక్కడ అవుతోందన్నదే సగం జవాబు చెప్పేస్తుంది. ఆక్సిలరేటర్ టక్కున తొక్కిన క్షణంలో మాత్రమే లీన్ అయి వెంటనే సర్దుకుంటే, ఆ క్షణానికి ఇచ్చే అదనపు పెట్రోలు చాలడం లేదు. కింది నుంచి పై దాకా ఒకే తేడాతో లీన్‌గా ఉంటే గాలి కొలిచే సెన్సార్‌నో, మ్యాప్‌నో, పెట్రోలులో వచ్చిన మార్పునో అనుమానించాలి. ఐడిల్‌లో లీన్‌గా ఉండి, బూస్ట్‌లో ఉండాల్సినదానికంటే రిచ్ అయితే, గాలి కొలిచే మీటర్ ఉన్న కార్లలో అది గొట్టాల లీకు. వ్యాక్యూమ్‌లో (బూస్ట్ లేక ఇంజన్ గాలిని పీలుస్తున్నప్పుడు) లెక్కలోకి రాని గాలి లోపలికి చొరబడుతుంది, బూస్ట్‌లో లెక్క వేసిన గాలి బయటికి పోతుంది. మీ కారు ఈ మూడింట్లో దేనికీ సరిపోవడం లేదు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ లీన్ అవుతోందంటే పెట్రోలు సరఫరా చాలడం లేదన్నమాట.

ఒక చిన్న లెక్క చూడండి. 0.5 నుంచి 0.8 బార్ అంటే, వాతావరణ పీడనం కలిపి చూస్తే 1.5 నుంచి 1.8. అంటే సుమారు 20 శాతం ఎక్కువ గాలి. దానికి 20 శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. కొత్తగా ఉన్నప్పుడు ఆ పంపు, ఆ ఫిల్టర్ ఇవ్వగలిగేవేమో, ఇన్నేళ్ళ తర్వాత ఇస్తాయని నమ్మకం లేదు.

ప్రెషర్ గేజ్‌ని ఫ్యూయల్ రైలుకి (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు అందించే గొట్టానికి) బిగించి, గట్టి హోస్‌తో బయటికి తెచ్చి, విండ్‌స్క్రీన్ బయటివైపు కనిపించేలా కట్టండి. పెట్రోలు గొట్టం కారు లోపలికి ఎట్టి పరిస్థితిలో తేవద్దు. లోపల చూడాలంటే ఎలక్ట్రానిక్ సెన్సార్ వాడండి. మీ కారుది 3 బార్ సిస్టమ్ అనుకుందాం (కొన్ని పాత కార్లలో 2.5 ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి). ఇంజన్ ఆపి పంపు మాత్రం తిప్పితే 3.0 రావాలి. ఐడిల్‌లో వ్యాక్యూమ్ వల్ల 2.4 దగ్గరికి దిగాలి. 0.8 బార్ బూస్ట్‌లో అయితే 3.8కి (ఇప్పుడు మీరు దించిన 0.5లో 3.5కి) ఎక్కాలి, ఆఖరి ఆర్‌పీఎం దాకా అక్కడే నిలబడాలి. రెగ్యులేటర్ చేసే పని ఇదే. ఇంజెక్టర్‌కి వెనక ఉన్న ప్రెషర్‌కీ ముందు ఉన్న బూస్ట్‌కీ మధ్య తేడా ఎప్పుడూ 3 బార్ ఉండేలా చూస్తుంది.

ఇప్పుడు రెగ్యులేటర్‌కి వెళ్ళే సన్నటి రబ్బరు గొట్టం చిట్లిందనుకోండి. బూస్ట్ వచ్చినా రైలులో 3.0 మాత్రమే ఉంటుంది, తేడా 2.2కి పడిపోతుంది. పెట్రోలు ప్రవాహం ప్రెషర్ తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే 14 శాతం పైగా తగ్గుతుంది. 11.6 ఉండాల్సింది 13.5 అయిపోతుంది. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క పిస్టన్‌ని కాల్చేయగలదని చెప్పడానికే ఈ లెక్క. పాత కారు నా దగ్గరికి వస్తే వ్యాక్యూమ్ గొట్టాలన్నీ మార్చకుండా నేను ల్యాప్‌టాప్ తెరవను.

మీ విషయంలో ఆ గొట్టం చిట్లి ఉంటే 3500 దగ్గర కూడా లీన్ అయ్యేది. కాబట్టి నా అనుమానం పంపు మీద, ఫిల్టర్ మీద, ముఖ్యంగా పంపుకి అందే వోల్టేజి మీద. అచ్చం మీ లక్షణాలే ఉన్న కారు ఒకటి నా దగ్గరికి వచ్చింది. యజమాని అప్పటికే పంపు మార్చాడు, ఇంజెక్టర్లు మార్చాడు, ఏం మారలేదు. ఆల్టర్నేటర్ దగ్గర 13.8 వోల్టులు ఉంటే, లోడు మీద పంపు దగ్గర 11.2 ఉన్నాయి. పాత వైరు, నల్లబడ్డ కనెక్టర్, తుప్పు పట్టిన ఎర్త్, మూడూ తలా కొంచెం తినేశాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టి మందపాటి వైరు లాగి, పాత వైరుతో రిలే మాత్రం ఆన్ అయ్యేలా చేశాం. ఎర్త్ కొత్తగా వేశాం. అదే రోజు సాయంత్రం 6000 దగ్గర ప్రెషర్ కదలకుండా నిలబడింది. అప్పటికే వేసిన పెద్ద ఇంజెక్టర్ల వల్ల కారు ఇప్పుడు విపరీతంగా రిచ్ అయింది, మళ్ళీ పాతవే బిగించాల్సి వచ్చింది. అందుకే కొలవకుండా సామాను కొనవద్దని అంత గట్టిగా చెప్తున్నాను.

ప్రెషర్ నిలబడినా లీన్ అవుతుంటే అప్పుడు ఇంజెక్టర్ల సంగతి. 6000 ఆర్‌పీఎంలో ఒక ఇంజన్ సైకిల్‌కి, అంటే రెండు చుట్లకి, 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజెక్టర్ అందులో 16 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే 80 శాతం డ్యూటీ. నేను 80, మహా అయితే 85 దాటనివ్వను. ఆ పైన అది సరిగ్గా మూసుకోక ముందే మళ్ళీ తెరుచుకోవాల్సి వస్తుంది, ఈసీయూ ఎంత అడిగినా పెరగదు. సైజుకి నేను వేసే అంచనా లెక్క ఇది: టర్బో ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 200 హార్స్‌పవర్ కావాలంటే నాలుగు ఇంజెక్టర్ల మీద, 80 శాతం డ్యూటీతో, ఒక్కోటి నిమిషానికి 380–390 సీసీ ఇవ్వగలగాలి. మీ ఇంజెక్టర్ల మీది నంబరుతో వాటి సైజు తెలుసుకుని పోల్చి చూడండి. పాతవాటిని తీసి శుభ్రం చేయించి, నాలుగూ సమానంగా పోస్తున్నాయో లేదో టెస్ట్ చేయించండి. గేజ్ చూపించేది నాలుగు సిలిండర్ల సగటు. సగటు 11.8 ఉండి, ఒక్క సిలిండర్ మాత్రం 13 మీద నడుస్తుంటే గేజ్ మీకు చెప్పలేదు. ఆ ఒక్కటే కాలిపోతుంది.

గేజ్ మాట వచ్చింది కాబట్టి, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. పాత కారులో కంపెనీ ఇచ్చిన ఆక్సిజన్ సెన్సార్ న్యారోబ్యాండ్. 14.7కి అటా ఇటా అన్నది తప్ప దానికి ఇంకేం తెలియదు. 0.45 వోల్టుల దగ్గర ఊగుతూ ఉంటుంది. దాని వోల్టేజి చూసి బూస్ట్ ట్యూన్ చేయడం ప్రమాదం. వైడ్‌బ్యాండ్ మీరు పెట్టడం మంచి పని. దాన్ని టర్బో తర్వాత, డౌన్‌పైపులో, టర్బోకి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. టర్బోకి ముందు పెడితే ప్రెషర్ వల్ల రీడింగ్ తప్పుతుంది, వేడికి సెన్సార్ చచ్చిపోతుంది. నిలువుకి దగ్గరగా, అడ్డంగా పడుకోబెట్టకుండా బిగిస్తే నీటి తుంపరలు అందులో నిలవవు. సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకు ఉంటే బయటి గాలి కలిసి, ముఖ్యంగా ఐడిల్‌లో, లేని లీన్ చూపిస్తుంది.

ఇంకో మోసం ఉంది, దీనికి నేనూ ఒకసారి దొరికిపోయాను. సెన్సార్ కొలిచేది ప్రధానంగా ఆక్సిజన్‌ని. సిలిండర్‌లో మిస్సింగ్ అయితే ఆ గాలిలోని ఆక్సిజన్ వాడకుండా బయటికి వస్తుంది. పెట్రోలు సరిపడా ఉన్నా గేజ్ లీన్ అంటుంది. ట్యూనింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కారు బూస్ట్ పెరగగానే 13.5 చూపించింది. పెట్రోలు కలిపాను. ఇంకా లీన్ చూపించింది. ఇంకా కలిపాను. వెనక నల్లటి పొగ వస్తోంది, గేజ్ మాత్రం లీన్ అంటోంది. ప్లగ్గులు తీసి చూస్తే తడిసి ఉన్నాయి. గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు, బూస్ట్ ప్రెషర్‌లో స్పార్క్ ఆరిపోతోంది. 0.7కి తగ్గించి, పాత కాయిల్ వైర్లు మార్చి, కలిపిన పెట్రోలంతా వెనక్కి తీసేస్తే సరిపోయింది. గేజ్ లీన్ అంటూ పొగ నల్లగా ఉంటే పొగనే నమ్మండి.

ఇప్పుడు అసలు ఇంజన్లు పోయే చోటికి వస్తాను. లీన్ అన్నది దారి చూపిస్తుంది, పిస్టన్‌ని పగలగొట్టేది మాత్రం చాలాసార్లు నాక్. నాక్‌ని నిర్ణయించేది ఏఎఫ్‌ఆర్ ఒక్కటే కాదు. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా పడుతుందన్నది), లోపలికి వచ్చే గాలి వేడి, పెట్రోలు ఆక్టేన్, బూస్ట్, అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. 11.5 మీద కూడా టైమింగ్ ఎక్కువైతే పిస్టన్ విరుగుతుంది.

ఇది మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పాత కార్లకి చాలామంది గాలి మీటర్ సిగ్నల్‌ని మార్చే పిగ్గీబ్యాక్ బాక్సులు పెడతారు. పెద్ద ఇంజెక్టర్లు వేసి, గాలి తక్కువ వస్తోందని ఈసీయూకి అబద్ధం చెప్పి, పెట్రోలు తగ్గిస్తారు. ఏఎఫ్‌ఆర్ గేజ్ మీద ముచ్చటగా 11.5 వస్తుంది. కానీ ఈసీయూ టైమింగ్‌ని కూడా అదే సిగ్నల్ చూసి వేస్తుంది. లోడు తక్కువ ఉందనుకుని టైమింగ్ ముందుకి జరుపుతుంది. ఇలా ట్యూన్ చేసిన ఇంజన్ ఒకదాన్ని నేను విప్పాను. రెండో సిలిండర్ పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరిగి ముక్కలైంది. యజమాని చేతిలోని లాగ్‌లో (నడుపుతుండగా రికార్డు చేసిన అంకెల్లో) ఏఎఫ్‌ఆర్ గీత ఎక్కడా తప్పు లేదు. ఆ లాగ్ చూసి ఆయన మొహం ఎలా అయిందో నాకు ఇంకా గుర్తుంది. టైమింగ్ విడిగా మార్చే వీలు లేని పరికరంతో బూస్ట్ పెంచకండి.

నా అలవాటు ఏమిటంటే, 0.3 బార్ పెంచితే ఆ భాగంలో టైమింగ్ 3–4 డిగ్రీలు వెనక్కి లాగే మొదలుపెడతాను, తర్వాత నాక్ వింటూ ఒక్కో డిగ్రీ ముందుకి వస్తాను. వినడానికి ఒక నాక్ సెన్సార్, హెడ్‌ఫోన్ ఉండాలి, ఇంజన్ మోతలో చెవికి వినపడేసరికి ఆలస్యమైపోతుంది. 86 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఇంజన్‌లో నాక్ సుమారు 6.7 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫిల్టర్ అక్కడ పెట్టుకోవాలి. వీలుంటే టర్బోకి ముందు ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత కూడా చూడండి. పాత ఇంజన్‌లో నేను 900 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వను. టైమింగ్ మరీ వెనక్కి లాగితే ఇది పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రెషర్, వోల్టేజి, గొట్టాలు, ప్లగ్గులు, ఇంజెక్టర్లు, అన్నీ సరైనవని తేలాక మ్యాప్‌కి రండి. కంప్రెషన్ టెస్ట్ కూడా చేసి ఉండాలి, బలహీనంగా ఉన్న ఇంజన్‌కి బూస్ట్ పెంచడం అనవసరం. పని డైనో (కారుని కదలకుండా నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీద గానీ, మూసి ఉన్న ట్రాక్ మీద గానీ చేయండి. నడిపేవారు ఒకరు, ల్యాప్‌టాప్ చూసేవారు ఒకరు ఉండాలి.

కింది బూస్ట్‌తో మొదలుపెట్టి, 0.1 బార్ చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులో ఏఎఫ్‌ఆర్ సరిచేశాకే పై మెట్టు ఎక్కాలి. మూడో గేరులో 2500 నుంచి లాగండి. బూస్ట్ పూర్తిగా వచ్చాక 12.2 దాటితే వెంటనే కాలు తీసేయాలని ముందే అనుకోండి. సర్దుబాటు లెక్క సులభం: పాత విలువని, వచ్చిన ఏఎఫ్‌ఆర్‌తో గుణించి, కావాల్సిన ఏఎఫ్‌ఆర్‌తో భాగించాలి. మ్యాప్ గడిలో 80 ఉండి, 12.6 వచ్చి, 11.6 కావాలంటే, 80 × 12.6 ÷ 11.6, అంటే 86.9. ఒక్క గడిని మాత్రమే మార్చి వదిలేయకండి, పక్క గడులని కూడా నునుపుగా కలపండి.

లాగ్ చదివేటప్పుడు ఆలస్యం గుర్తుంచుకోవాలి. పొగ సిలిండర్ నుంచి సెన్సార్ దాకా చేరి, సెన్సార్ స్పందించేసరికి ఇంజన్ కొంత ముందుకి వెళ్ళిపోయి ఉంటుంది. 4500 దగ్గర కనిపించిన లీన్ నిజానికి 4300 గడిది కావచ్చు.

నా దగ్గరికి వచ్చే ఇలాంటి కార్లకి నేను పెట్టే అంకెలు ఇవి. నిలకడగా నడిపేటప్పుడు 14.7. వ్యాక్యూమ్ అయిపోయి బూస్ట్ మొదలయ్యే చోట 12.8–13. 0.3 బార్ దగ్గర 12.2. 0.5 దగ్గర 11.8. 0.8 దగ్గర 11.5. మధ్యలో మెట్లలా కాకుండా జారుడుబల్లలా ఉండాలి.

పెట్రోలు గురించి ఒక మాట, దీన్ని చాలామంది మర్చిపోతారు. మీ కారు తయారైన రోజుల్లో ఇథనాల్ లేని పెట్రోలు పోసి ఉంటే, ఇప్పుడు 10 శాతం ఇథనాల్ కలిపినది పోస్తుంటే, పూర్తిగా కాలడానికి కావాల్సిన నిష్పత్తి 14.7 నుంచి సుమారు 14.1కి మారింది. ఫుల్ లోడులో పాత ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌ని చూడదు, గుడ్డిగా మ్యాప్ ప్రకారం పోస్తుంది. అంటే ఏమీ ముట్టుకోకుండానే 4 శాతం దాకా లీన్ అయినట్టు, 11.5 కాస్తా 12 అవుతుంది. గేజ్ పెట్రోలు స్కేల్‌లోనే చూపిస్తుంది కాబట్టి అంకెలతో గందరగోళం వద్దనుకుంటే ల్యాంబ్డాలోకి మార్చుకోండి. ఏ పెట్రోలైనా 1 అంటే 1, మీ లక్ష్యం 0.78.

మీ కారులో ఇంజెక్షన్ ఏదో మీరు రాయలేదు. పోర్షె 930, సాబ్ 99 టర్బో లాంటి వాటిలో ఉండే బాష్ కే-జెట్రానిక్ అయితే మ్యాప్ అనేదే ఉండదు. అక్కడ కంట్రోల్ ప్రెషర్ తగ్గితే రిచ్, పెరిగితే లీన్, పని అంతా ప్రెషర్ గేజ్‌తోనే. రెక్క ఉన్న గాలి మీటర్ అయితే, ఆ రెక్క పూర్తిగా తెరుచుకున్నాక ఇంక గాలి ఎంత పెరిగినా మీటర్‌కి తెలియదు. అది కూడా అచ్చం మీ లక్షణాన్నే చూపిస్తుంది. అందుకని 5000 దగ్గర మీటర్ వోల్టేజి ఇంకా మారుతోందా, ఒకచోట ఆగిపోయిందా అన్నది కూడా లాగ్ చేయండి.

మూడు కొలతలు తీసి రాయండి: 5500 దగ్గర రైలు ప్రెషర్, అదే సమయంలో పంపు దగ్గర వోల్టేజి, ఇంజెక్టర్ డ్యూటీ. లాగడం 0.5 బార్ మీదే, 12.5 దాటితే ఆపేయండి. అవి చూశాక పంపా, వైరా, ఇంజెక్టరా అన్నది ఖచ్చితంగా చెప్పగలను.